కొటేషన్‌లో మూడు చోట్ల మెమరీ అని రాశారు, నా సిస్టమ్‌కు నిజంగా ఏది కావాలి?

గెలాక్సీ లెక్కలు, చీమకుర్తి

అందరికీ నమస్కారం. నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తుంటాను. ట్యాలీ, ఈ-వే బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, స్లాబుల ఫొటోలు బయ్యర్లకు పంపడం, అన్నీ ఒక్క సిస్టమ్ మీదే. లోడైన లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది, ఇక్కడ ఈ-వే బిల్లు పేజీ తిరుగుతూనే ఉంటుంది. డ్రైవర్‌కు చీకటి పడేలోగా చెన్నై రోడ్డెక్కాలని తొందర. రోజూ ఈ టెన్షన్ పడలేక ఓనర్ గారికి చెప్పాను. ఎంతవుతుందో రాయించుకుని రమ్మన్నారు.

షాపువాళ్లు రాసిచ్చింది ఇది. మెమరీ 16 జీబీ, డీడీఆర్4 3200, సీఎల్22. దాని కింద 512 జీబీ ఎన్‌వీఎంఈ మెమరీ, జెన్3. ఆ కింద కొత్త ప్రాసెసర్, పక్కన "క్యాష్ మెమరీ ఎక్కువ" అని. మూడూ మెమరీయే అయితే మూడూ ఎందుకు కొనాలని ఓనర్ గారు అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. షాపులో అడిగితే "స్పీడ్ పెరుగుతుందమ్మా" అన్నారే గానీ ఏది దేనికో చెప్పలేదు.

ఇప్పుడున్నది ఐ3-6100 ప్రాసెసర్, హెచ్110 బోర్డు, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఓనర్ గారికి నేనే నోటితో వివరించి చెప్పగలిగేలా ఎవరైనా చెప్తారా? ఖర్చు పెట్టడానికి ఆయన వెనకాడరు, కానీ కారణం తెలియాలంటారు. నాకూ తెలియాలనే ఉంది.


ఒంగోలు బోర్డు పని

అమ్మా, నేను ఒంగోలులో చాలా ఏళ్లుగా బోర్డులు రిపేరు చేస్తున్నాను. మీ చీమకుర్తి సిస్టమ్‌లు నాకు బాగా అలవాటే. కొత్తపట్నం, పాకల వైపు నుంచి వచ్చేవాటికి ఉప్పుగాలికి కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. మీ వైపు నుంచి వచ్చేవాటికి ఫ్యాను కింద రాతిపొడి గడ్డకట్టి ఉంటుంది.

ముందు మీ ఓనర్ గారి ప్రశ్న. ఆ మూడూ మూడు వేరు వేరు పనులు చేస్తాయి, ఒకటి తక్కువైతే ఇంకొకటి దాని పని చేయలేదు.

మొదటిది ర్యామ్. మీరు ట్యాలీ తెరిచినప్పుడు ఆ ప్రోగ్రాము, మీ కంపెనీ డేటాలో అప్పటికి కావాల్సిన భాగం వచ్చి కూర్చునే చోటు ఇదే. కరెంటు పోతే అందులో ఏమీ మిగలదు. సేవ్ చేయని ఎక్సెల్ షీటు పోయేది అందుకే. రెండోది స్టోరేజీ, అంటే మీ 1 టీబీ హార్డ్ డిస్క్, లేదా వాళ్లు రాసిచ్చిన ఎన్‌వీఎంఈ. కరెంటు పోయినా ఫైళ్లు ఉండేది దీంట్లో. ఎన్‌వీఎంఈ అనేది ఎస్‌ఎస్‌డీలో ఒక రకం, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే ఫైళ్లు దాచేది. ఎస్‌ఎస్‌డీ అనే రాసి ఉంటే మీకు ఈ తికమక ఉండేది కాదు. మూడోది క్యాష్, ప్రాసెసర్ మాటిమాటికీ వాడే సమాచారాన్ని చేతికి దగ్గరగా పెట్టుకునే చోటు, చిప్పు లోపలే పుట్టుకతో ఉండేది. మీ ఐ3-6100లో అది 3 ఎంబీ. దాన్ని విడిగా కొనలేం, పెంచలేం. ప్రాసెసర్ మారిస్తేనే మారుతుంది. ట్యాలీకి, బ్రౌజర్‌కు మీరు ఆ ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆ లైను కొట్టేయండి.

మిగతా రెండింటిలో ఏది తక్కువైందో మీ సిస్టమే చెప్తుంది. బాగా నెమ్మదించినప్పుడు, అన్నీ తెరిచి ఉన్నప్పుడే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి అక్కడ కనబడే అంకెలన్నీ ఇక్కడ రాయండి. డిస్క్ ఎంత శాతం ఉందో కూడా రాయండి. అవి చూడకుండా ఎవరేం చెప్పినా ఊహే.


గెలాక్సీ లెక్కలు, చీమకుర్తి

చాలా థ్యాంక్సన్నా. ఈరోజు మధ్యాహ్నం రద్దీలో చూసి రాసుకున్నాను. ఇన్ యూజ్ 3.4 జీబీ. అవైలబుల్ 0.5 జీబీ. కమిటెడ్ 7.1/9.9 జీబీ. స్పీడ్ 2133. స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2. ఫామ్ ఫ్యాక్టర్ డిమ్. డిస్క్ మాత్రం 100 శాతం దగ్గరే నిలబడి ఉంది, కిందకు దిగలేదు.


ఒంగోలు బోర్డు పని

చక్కగా రాశారమ్మా. మీ రోగం మొత్తం ఆ కమిటెడ్ లైనులో ఉంది.

ప్రోగ్రాములన్నీ కలిసి విండోస్ దగ్గర 7.1 జీబీకి మాట తీసుకున్నాయి. ఇవ్వడానికి విండోస్ దగ్గరున్న ర్యామ్ 4 జీబీ కూడా నిండుగా లేదు. మిగిలిన మాట ఎక్కడ నిలబెట్టుకోవాలి? హార్డ్ డిస్క్ మీద పేజ్‌ఫైల్ అని ఒక ఫైలు పెట్టుకుని, ప్రస్తుతం మీరు చూడని విండోల సరుకును అక్కడ దించుతుంది. వర్చువల్ మెమరీ అనే మాట వింటుంటారే, ఇదే. ఆ 9.9 అంటే ర్యామ్, పేజ్‌ఫైల్ కలిపిన గరిష్ఠ హద్దు. మీరు ట్యాలీ నుంచి బ్రౌజర్‌కు మారగానే బ్రౌజర్ సరుకు డిస్క్ నుంచి వెనక్కి రావాలి, దానికి చోటు చేయడానికి ట్యాలీ సరుకు కిందకు దిగాలి. డిస్క్ 100 శాతం చూపించేది ఈ ఎత్తడం దించడమే.

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. కావాల్సిన చోటు చదివే తల కిందకు రావడానికే సగటున 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, తల జరగడానికి పట్టే సమయం అదనం. మొత్తం కలిపి 10 మిల్లీసెకన్లు అనుకోండి. ర్యామ్ నుంచి అదే సమాచారం రావడానికి 100 నానోసెకన్లు చాలు. లక్ష రెట్ల తేడా. లారీ గేటు దగ్గర ఆగేది ఆ తేడాలోనే. ఇంటర్నెట్ తప్పు ఇందులో కొంచెమే ఉంటుంది.

కాబట్టి మీకు ర్యామ్ కావాలి, ఎస్‌ఎస్‌డీ కూడా కావాలి. కానీ కొటేషన్‌లో రాసినవి రాసినట్టుగా మాత్రం కొనకండి.

3200 ర్యామ్ పెట్టినా మీ ప్రాసెసర్ దాన్ని 2133 దగ్గరే నడిపిస్తుంది. ఆరో తరం ఐ3 హద్దు అది. 3200 కొంటే నష్టమేమీ లేదు, ఇప్పుడు మార్కెట్‌లో సులువుగా దొరికేది కూడా అదే, కాకపోతే ఆ అంకె చూపించి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. ఇంకో మాట, హెచ్110లో డీడీఆర్3 తీసుకునే బోర్డులు కూడా కొన్ని వచ్చాయి. మీది 2133 చూపిస్తోంది కాబట్టి డీడీఆర్4 అనుకోవచ్చు, అయినా కొనే ముందు పాతదాని స్టిక్కర్ మీద పీసీ4 అని ఉందో లేదో చూడండి. డీడీఆర్3కు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. గాటు కూడా వేరే చోట ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి దిగదు. డీడీఆర్5కు కూడా 288 పిన్నులే గానీ గాటు వేరు, వోల్టేజీ వేరు.

స్టిక్కర్ మీద ఒక అక్షరం మర్చిపోకండి. స్పీడు అంకెల తర్వాత వచ్చే భాగం యూతో మొదలైతే మామూలు డెస్క్‌టాప్‌ది. ఎస్ అయితే ల్యాప్‌టాప్‌ది, పొట్టిగా ఉంటుంది. ఆర్ అయితే సర్వర్‌ది. సర్వర్లలోంచి తీసిన 16 జీబీ ముక్కలు ఆన్‌లైన్‌లో తక్కువకు అమ్ముతుంటారు, ఈసీసీ రిజిస్టర్డ్ అని రాసి ఉంటుంది. అవి మీ స్లాటులో నిక్షేపంగా దిగుతాయి, కానీ సిస్టమ్ లేవదు. అలా కొని మా దగ్గరికి తెచ్చినవాళ్ల మొహాలు చూస్తే బాధేస్తుంది. డబ్బు వెనక్కి రాదు.

ఇక ఎన్‌వీఎంఈ. అది ఎం.2 అనే సన్నటి స్లాటులో పడుకోబెట్టేది. హెచ్110 బోర్డుల్లో చాలావాటికి ఆ స్లాటే ఉండదు. మీకు సాటా ఎస్‌ఎస్‌డీ రాయమనండి, రెండున్నర అంగుళాలది. ఇప్పుడు హార్డ్ డిస్క్‌కు ఉన్నలాంటి కేబుళ్లే దీనికీ సరిపోతాయి. సాటాది సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, జెన్3 ఎన్‌వీఎంఈ 3,500 దాకా చదువుతుంది. అంకెల్లో అంత తేడా ఉన్నా మీ పనిలో అది కనబడదు. మీకు కావాల్సింది చిన్న చిన్న ముక్కలు వెంటనే దొరకడం. పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా ఆ బాధ పోతుంది.


పాలిటెక్నిక్ పాఠాలు, నెల్లూరు

బోర్డు పని గారు అసలు విషయమంతా చెప్పేశారు. సీఎల్22 సంగతి మిగిలింది, అది నేను చెప్తాను. క్లాసులో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

3200 అనేది సెకనుకు ఎన్ని కోట్ల సార్లు డేటా కదులుతుందో చెప్పే అంకె, 320 కోట్ల సార్లు. డీడీఆర్ అంటేనే గడియారపు ఒక్కో దెబ్బకు రెండుసార్లు కదిలేది. కాబట్టి అసలు గడియారం 1600 మెగాహెర్ట్జ్. అందుకే కొన్ని సాఫ్ట్‌వేర్లు 3200 ర్యామ్‌ను 1600 అని చూపిస్తాయి, షాపువాడు మోసం చేశాడని గొడవలవుతాయి. మోసమేమీ లేదు, రెండూ ఒకటే.

సీఎల్ అంటే ఫలానా వరస నుంచి ఇది ఇవ్వు అని అడిగాక మొదటి ముక్క రావడానికి ఎన్ని దెబ్బలు ఆగాలో చెప్పే అంకె. 1600 మెగాహెర్ట్జ్ దగ్గర 22 దెబ్బలంటే 13.75 నానోసెకన్లు. అమ్మా, మీ పాత 2133 ర్యామ్ సీఎల్15ది అనుకుందాం, సాధారణంగా అంతే ఉంటుంది. లెక్క వేస్తే 14 నానోసెకన్లు. చూశారా, అంకెలు ఎంత మారినా ఎదురుచూపు ఇంచుమించు అదే. ఒకసారి మొదలయ్యాక ప్రవాహం వేగంగా ఉండేది 3200లో, అంతే. సీఎల్ అంకె ఒక్కటే చూసి మంచిదో చెడ్డదో చెప్పకూడదు, గడియారం వేగంతో భాగించి చూడాలి. డీడీఆర్5 4800లో సీఎల్40 అని చూసి భయపడేవాళ్లున్నారు, అది కూడా 16.7 నానోసెకన్లే.

ర్యామ్ ఎందుకు మర్చిపోతుందో కూడా చెప్పాలనిపిస్తోంది, నాకు ఈ పాఠమంటే ప్రాణం. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఒక ఆలోచన చేశారు. ఒక బిట్ దాచడానికి ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ చాలన్నారు. 1968లో పేటెంట్ వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 చిప్పులో 1,024 బిట్లు పట్టేవి. ఇప్పుడు మీరు కొనబోయే ఒక్క 8 జీబీ ముక్కలో సుమారు 6,870 కోట్ల బిట్లు. ఈ ముక్కలోని బిట్లన్నిటికీ డెన్నార్డ్ చెప్పిన జతే, ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. అరవై ఏళ్ల నాటి ఆ ఆలోచన ఇంకా మన చేతిలో ఉంది.

చిక్కేమిటంటే ఆ కెపాసిటర్ చిల్లి కుండ. పోసిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకని ప్రతి వరసనూ 64 మిల్లీసెకన్ల లోపు ఒకసారి చదివి మళ్లీ నింపుతుంటారు. దీన్నే రిఫ్రెష్ అంటారు, డీర్యామ్‌లో డీ అంటే డైనమిక్ అని పేరు వచ్చింది ఇందుకే. కరెంటు పోతే నింపేవాళ్లు లేరు, అంతా పోతుంది. ప్రాసెసర్‌లోని క్యాష్‌ది వేరే కట్టడం, ఎస్‌ర్యామ్ అంటారు. ఒక్కో బిట్‌కు మామూలుగా ఆరు ట్రాన్సిస్టర్లు, రిఫ్రెష్ అక్కర్లేదు, చాలా వేగం. కానీ చోటు ఎక్కువ తింటుంది కాబట్టే మీ ఐ3లో 3 ఎంబీ దగ్గర ఆగింది.

వీటికి ముందు ఫెర్రైట్ కోర్ మెమరీ ఉండేది, తీగల మధ్య గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలు. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు 1960లో పని మొదలుపెట్టించిన టిఫ్రాక్ కంప్యూటర్‌లో ఉన్నది అదే. కరెంటు పోయినా ఆ ఉంగరాలు మర్చిపోవు. ఇవాళ ఆ పని ఎస్‌ఎస్‌డీల్లో, మెమరీ కార్డుల్లో ఉండే ఫ్లాష్ మెమరీ చేస్తోంది. తోషిబాలో ఫుజియో మసుఒకా 1980లలో కనిపెట్టింది. చుట్టూ ఇన్సులేటర్ ఉన్న చోట ఎలక్ట్రాన్లను బంధిస్తుంది, అందుకే కరెంటు లేకున్నా ఉంటాయి. రాసి చెరిపిన కొద్దీ ఆ ఇన్సులేటర్ అరుగుతుంది. ఎస్‌ఎస్‌డీ వివరాల్లో టీబీడబ్ల్యూ అని ఉండే అంకె, ఎన్ని టెరాబైట్లు రాసేదాకా కంపెనీ పూచీ ఉంటుందో చెప్పేది. టీఎల్‌సీ అంటే ఒక్కో గదిలో మూడు బిట్లు, క్యూఎల్‌సీ అంటే నాలుగు. ఒకే ధరకు వస్తే టీఎల్‌సీ తీసుకోండి.


సెల్ కౌంటర్, కావలి

అక్కా, నేను కావలిలో ఫోన్ల షాపులో చేస్తాను. మీరు 512 జీబీది కొన్నాక విండోస్‌లో 476 అనే చూపిస్తుంది, ముందే చెప్తున్నా, ఓనర్ గారు అడుగుతారు. కంపెనీవాళ్లు జీబీని వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. మీ పాత 1 టీబీ కూడా 931 అనే ఉంటుంది చూడండి. ర్యామ్‌కు మాత్రం ఈ తేడా రాదు, దాన్ని అందరూ 1,024 తోనే లెక్కిస్తారు.

మా దగ్గర ఫోన్ కొనేవాళ్లు "8+8 ర్యామ్" అని చూసి 16 అనుకుంటారు. రెండో 8 స్టోరేజీలోంచి అప్పు తీసుకున్నది. మీ సిస్టమ్‌లో పేజ్‌ఫైల్ అన్నారే, దాదాపు ఆ పనే. అసలు ర్యామ్ 8 అని నేను కౌంటర్‌లో ప్రతివాళ్లకూ విడమరిచి చెప్తాను. చెప్పకుండా అమ్మడం నాకు నచ్చదు.

అల్లూరు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల మీద కెమెరాలు పెట్టేవాళ్లు మెమరీ కార్డులు పోతున్నాయని వస్తుంటారు. సార్ చెప్పిన అరుగుదలే అది. రాత్రీ పగలూ రాస్తూనే ఉంటే మామూలు కార్డు తట్టుకోదు. హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నవి అడగండని చెప్తాను.


గెలాక్సీ లెక్కలు, చీమకుర్తి

అన్నకు, సార్‌కు, తమ్ముడికి చాలా థ్యాంక్స్. ఇప్పుడు ఓనర్ గారి ముందు కూర్చుని చెప్పగలను. ఇంకో రెండు అడగాలి. పాత 4 జీబీ ముక్క తీసేయాలా, ఉంచి ఇంకోటి పక్కన పెట్టవచ్చా? మొత్తం సిస్టమే మార్చేద్దాం అంటే ఏమనాలి?


ఒంగోలు బోర్డు పని

ఉంచండమ్మా. రెండో స్లాటు ఖాళీగానే ఉంది కదా, 8 జీబీది ఒకటి పెట్టండి, 12 అవుతుంది. మీ 7.1కి అది చాలు. 16 అక్కర్లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏఐ సర్వర్లకు కావాల్సిన మెమరీ వైపు కంపెనీలు మళ్లడంతో. ఇప్పుడు అక్కర్లేని జీబీ కొనడం దండగ. 4, 8 కలిపితే పనిచేయవని కొందరంటారు, ఇంటెల్ బోర్డుల్లో పనిచేస్తాయి. రెండు ముక్కల్లోంచీ 4, 4 కలిపి 8 జీబీ దాకా డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తుంది, అంటే రెండు దారుల్లో. మిగిలిన 4 ఒక దారిలో నడుస్తుంది.

సిస్టమ్ మార్చే మాటకొస్తే, అది న్యాయమైన మాటే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. ఆరో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. జీఎస్టీ, బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌ను అలా ఎక్కువ కాలం నడపకూడదు. ఏడాదిలోపు మార్చేటట్టయితే ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే వేయించండి. సాటాది కొత్త సిస్టమ్‌లోనూ పెట్టుకోవచ్చు, ఆ డబ్బు మీతోనే వస్తుంది. డీడీఆర్4 ముక్క మాత్రం డీడీఆర్5 బోర్డులోకి రాదు. మార్చడం ఇప్పట్లో లేదంటే రెండూ వేయించండి.

డిస్క్ మార్చే ముందు ట్యాలీ డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఇంకో కాపీ ఇంకోచోట పెట్టండి. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో పాత డిస్క్ గుడ్ అని చూపిస్తే కాపీలకు వాడుకోండి. కాషన్ అని వస్తే దాన్ని నమ్మకండి.

వేయించేటప్పుడు మీరు దగ్గరుండండి. కేబుల్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి. క్యాబినెట్ బయటకు తీసుకెళ్లి బ్లోయర్‌తో పొడి ఊదించి, అప్పుడు స్లాటు ముట్టుకోవాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోమనండి. రాతిపొడి స్లాటులో ఉండగా ర్యామ్ గుచ్చితే కాంటాక్ట్ సరిగా దొరక్క బీప్‌లు కొడుతుంది, స్క్రీన్ రాదు. పాత ముక్క కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి, గరుకు రబ్బరుతో గీకనివ్వకండి, బంగారు పూత లేచిపోతుంది. అంతా అయ్యాక విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ ఒకసారి నడిపించి, తప్పులు లేవని చూసి బిల్లు కట్టండి. కొత్త అంకెలు ఇక్కడ రాయండి, చూస్తాను.